వేరే కారు స్ట్రట్ మన కారుకు సరిపోతుందా?

కాట్రేనికోన మండలం సముద్రం ఒడ్డున ఉంది. చుట్టూ గోదావరి పాయలు, కాలవలు, చెరువులు, కొబ్బరి తోటలు. ఒకప్పుడు యానాం వెళ్లాలంటే ఎదుర్లంక రేవులో గోదావరి దాటాలి. 2002లో అక్కడ వంతెన వచ్చింది. దానికి బాలయోగి వారధి అని పేరు. అప్పటినుంచి బండ్లు నేరుగా ఏరు దాటుతున్నాయి.

ఊళ్లలోకి బండ్లు వచ్చాయి. కొందరు పాత కారు కొనుక్కున్నారు. కిరాయికి తిప్పుకొని బతికేవాళ్లు ఉన్నారు. పొదుపు సంఘంలో ఆడవాళ్లు అప్పు తెస్తే, ఆ డబ్బుతో మగవాళ్లు బండి కొన్న ఇళ్లూ ఉన్నాయి.

కాలవ గట్టు రోడ్లకు వానాకాలంలో గోతులు పడతాయి. గోతిలో చక్రం పడితే పాత కారు ఎగిరెగిరి పడుతుంది. లోపల ఉన్న వాళ్ల నడుములు విరిగినట్టు ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "కొత్త సామాను ఎందుకు? వేరే కారుది పాతది దొరుకుతుంది. అది వేసేద్దాం."

వేయవచ్చా? ఎప్పుడు వేయవచ్చు? ఎప్పుడు వేయకూడదు? ఈ పాఠంలో తెలుసుకోండి.

బండి కింద ఏముంది?

ఎడ్లబండి ఎక్కిన వాళ్లకు తెలుసు. రాయి తగిలితే దెబ్బ నేరుగా ఒంటికి తగులుతుంది. ఎందుకంటే ఇరుసుకూ బండికీ మధ్య మెత్తగా వంగేది ఏదీ లేదు. జట్కా బండికి కమాన్లు పెట్టారు. కమాను అంటే వంగిన ఇనుప పట్టీల కట్ట. దెబ్బ తగిలితే కమాను వంగుతుంది. మళ్లీ లేస్తుంది. కూర్చున్న వాళ్లకు దెబ్బ తగ్గుతుంది. ఇప్పటికీ లారీల కింద ఈ కమాన్ కట్టలే కనిపిస్తాయి.

కారులో ఈ పని చేసేవి రెండు. ఒకటి స్ప్రింగు. రెండోది షాకబ్జరు.

కావడి గుర్తు తెచ్చుకోండి. కావడి బద్దకు రెండు వైపులా బిందెలు వేలాడతాయి. మనిషి నడుస్తుంటే బద్ద వంగుతుంది, లేస్తుంది. అందుకే భుజానికి దెబ్బ తెలియదు. కారులో స్ప్రింగు ఈ బద్ద లాంటిది.

కానీ ఊగుడు ఎక్కువైతే బిందెలో నీళ్లు తొణుకుతాయి. అప్పుడు మోసే మనిషి తాళ్లను చేత్తో పట్టుకుంటాడు. ఊగుడు అణుగుతుంది. కారులో షాకబ్జరు ఈ చెయ్యి లాంటిది.

షాకబ్జరు ఒక గొట్టం. అందులో నూనె ఉంటుంది. మధ్యలో ఒక కడ్డీ. కడ్డీ చివర సన్న బెజ్జాలున్న బిళ్ల. గోతిలో పడినప్పుడు కడ్డీ కిందికీ పైకీ కదులుతుంది. నూనె ఆ సన్న బెజ్జాల గుండా మెల్లగా పోవాలి. అందుకే కడ్డీ గబగబా కదలలేదు. ఎగిరే ఊపు నూనెలో వేడిగా మారి అణిగిపోతుంది.

మరి స్ట్రట్ అంటే?

స్ప్రింగు, షాకబ్జరు రెండూ ఒకే కట్టగా ఉంటే దాన్ని స్ట్రట్ అంటారు. దీని పై చివర కారు బాడీకి బోల్టులతో బిగిస్తారు. కింది చివర చక్రాన్ని పట్టుకునే ఇనుప ముక్కకు బిగిస్తారు. ఆ ముక్కను మెకానిక్కులు నకిల్ అంటారు.

స్ట్రట్ దెబ్బను మింగడమే కాదు. చక్రాన్ని నిలువుగా నిలబెట్టేది కూడా అదే. స్టీరింగు తిప్పితే ముందు స్ట్రట్ కూడా చక్రంతో పాటు తిరుగుతుంది. అంటే ఇది ఇంటికి నిట్టాడి లాంటిది. నిట్టాడి పొట్టిదైనా, పొడుగైనా కప్పు వంకర పోతుంది కదా!

ఈ పద్ధతిని రూపొందించిన ఇంజనీరు పేరు మెక్‌ఫెర్సన్. ఆయన అమెరికా వాడు. ఫోర్డు కంపెనీ కార్లలో ఇది 1949, 1950 నాటికి వచ్చింది. చోటు తక్కువ పడుతుంది. ఖర్చూ తక్కువ. అందుకే చిన్న కార్లకు బాగా కుదిరింది.

మన దేశంలో చిన్న కారు అంటే అందరికీ మారుతి 800 గుర్తొస్తుంది. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇచ్చారు. దాని ముందు చక్రాలకు ఇలాంటి స్ట్రట్లే ఉన్నాయి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి ఓమ్ని వ్యాను తయారీ 2019లో ఆగింది. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి.

వేరే కారుది ఎందుకు వేస్తారు?

నాలుగు కారణాలు చెబుతారు.

1. ఆ మోడల్ ఆగిపోయింది. సామాను వెంటనే దొరకదు.
2. పాత సామాన్ల కొట్లో వేరే కారుది తక్కువ ధరకు దొరుకుతుంది.
3. గోతుల్లో కింద తగలకుండా కారు ఎత్తు పెంచాలనుకుంటారు.
4. ఎక్కువ బరువు వేయాలనుకుంటారు.

మొదటి రెండూ అవసరం నుంచి వచ్చినవి. వాటికి దారి వెతకవచ్చు. మూడోది జాగ్రత్తగా ఆలోచించాలి. నాలుగోది మాత్రం ప్రమాదం.

అక్క జాకెట్టు, చెల్లెలి ఒళ్లు

అక్క జాకెట్టు చెల్లెలు వేసుకోవచ్చు. కానీ భుజం సరిపోవాలి. ఛాతీ సరిపోవాలి. చేతులు సరిపోవాలి. ఏదోలా లాగి హుక్కులు పెట్టేస్తే సరిపోయినట్టు కాదు. చెయ్యి పైకెత్తగానే చంకలో చిరుగుతుంది.

స్ట్రట్ కూడా అంతే. బోల్టు పడినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. "ఒకటే కంపెనీ కదా" అంటే కూడా చాలదు.

మారుతి 800, ఓమ్ని వ్యాను చూడండి. రెండూ ఒకే కంపెనీవి. రెండింటిలోనూ 796 సీసీ ఇంజనే. కానీ 800కు ఇంజను ముందు ఉంటుంది. దాని ముందు చక్రాలు కారును లాగుతాయి. ఓమ్నికి ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. దాని వెనక చక్రాలు బండిని నెడతాయి. 800 ముందు చక్రం మధ్యలోకి ఇంజను నుంచి తిరిగే కడ్డీ వస్తుంది. ఓమ్ని ముందు చక్రానికి ఆ కడ్డీ లేదు. రెండు బండ్ల బరువూ ఒకటి కాదు. అందుకే ఒకే ఇంటి బిడ్డలైనా, ఒకరి కొలత ఇంకొకరికి రాదు.

చూడవలసిన ఆరు కొలతలు

పాత స్ట్రట్, తెచ్చిన స్ట్రట్ పక్కపక్కన పెట్టాలి. బెత్తెతో, జానతో కాదు, టేపుతో కొలవాలి.

ఒకటి: పై బోల్టులు. ఎన్ని ఉన్నాయి? వాటి మధ్య దూరం ఎంత? కొత్తగా బాడీకి బెజ్జాలు వేయవలసి వస్తే అది సరిపోనట్టే.

రెండు: కింద నకిల్‌కు బిగించే చోటు. బెజ్జాల మధ్య దూరం, బెజ్జం సైజు, వెడల్పు ఒకటిగా ఉండాలి. ఇక్కడ తేడా వస్తే చక్రం లోపలికో బయటికో వాలుతుంది. అప్పుడు టైరు ఒక అంచున అరిగిపోతుంది. కారు ఒక పక్కకు లాగుతుంది.

మూడు: పొడవు. పూర్తిగా చాచినప్పుడు ఎంత? పూర్తిగా నొక్కినప్పుడు ఎంత? పొడుగుదైతే కారు పైకి లేస్తుంది. ముందు చక్రాలకు తిరిగే కడ్డీ వంకరగా పనిచేయవలసి వస్తుంది. దాని కీళ్లు తొందరగా పాడవుతాయి. నొక్కడానికి చోటు చాలకపోతే గోతిలో పడగానే లోపల అడుగు కొడుతుంది.

నాలుగు: స్ప్రింగు బిగువు. బరువైన కారు స్ప్రింగు గట్టిగా ఉంటుంది. తేలిక కారుకు అది వేస్తే ఎగురుతూ ఉంటుంది. చక్రం నేలను పట్టదు. చక్రం నేలను పట్టకపోతే బ్రేకు కూడా పట్టదు. తేలిక కారు స్ప్రింగు బరువైన కారుకు వేస్తే నొక్కుకుపోయి కింద తగులుతుంది.

ఐదు: స్ప్రింగూ, షాకబ్జరూ జోడీ. గట్టి స్ప్రింగుకు నీరసం షాకబ్జరు పెడితే ఊగుడు ఆగదు. బద్ద బలంగా ఉంది, పట్టుకునే చేతిలో సత్తువ లేదు అన్నట్టు.

ఆరు: బ్రేకు గొట్టం. ఇది స్ట్రట్‌కు కట్టి ఉంటుంది. స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి చూడాలి. గొట్టం బిగుసుకోకూడదు. టైరుకు రాసుకోకూడదు. గొట్టం తెగితే బ్రేకు పోతుంది.

ఈ ఆరూ కలిస్తే ఆలోచించవచ్చు. ఒక్కటి కలవకపోయినా వద్దు అనాలి.

షెడ్డు దగ్గర ఒక మాట

ఒక ఇంట్లో పాత కారు ఉంది అనుకోండి. భార్య సంఘంలో అప్పు తెచ్చింది. భర్త కారు నడుపుతాడు. ఇద్దరూ మెకానిక్ షెడ్డుకు వెళ్లారు.

భర్త: మేస్త్రీ, ఆ పెద్ద కారు స్ట్రట్లు వేసెయ్. కారు ఎత్తు లేస్తుంది. రొయ్యల మేత బస్తాలు నాలుగు ఎక్కువ వేసుకోవచ్చు.

మేస్త్రి: అలాగేనండి. పై బోల్టులు పడతాయి. కింద కొంచెం గ్రైండింగు చేసి, వెల్డింగు పెడితే సరి.

భార్య: మేస్త్రి గారూ, కొంచెం ఆగండి. వెల్డింగు ఎందుకండీ? కొలత సరిపోతే వెల్డింగు అక్కర్లేదు కదా?

మేస్త్రి: బెజ్జాల దూరం తేడా ఉందమ్మా. అందుకని.

భార్య: పొడుగు ఎంత తేడా ఉందో కొలవండి.

మేస్త్రి: (కొలిచి) రెండంగుళాలు పొడుగుందమ్మా.

భర్త: పొడుగుంటేనే కదా ఎత్తు లేచేది!

భార్య: ఏవండీ, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుంటే తెలుస్తుంది. బుట్ట మీద ఇంకో బుట్ట పెడితే మెడ ఊగిపోతుంది. కాలవ గట్టు మలుపులో కారు కూడా అంతేనండీ. పిల్లలు ఎక్కే బండి ఇది.

మేస్త్రి: అమ్మ చెప్పింది నిజమేనండి. ఎత్తు పెరిగితే మలుపులో ఒరుగుతుంది.

భర్త: మరి కొత్తవి ఖరీదు కదా?

మేస్త్రి: మీ మోడల్‌కు సరిపోయేవి బయటి కంపెనీలవి దొరుకుతాయేమో, అమలాపురంలో అడుగుతాను. డబ్బా మీద మీ మోడల్ పేరు రాసి ఉండాలి. జత తెస్తాను. రెండు రోజులు పడుతుంది.

భార్య: రెండు రోజులు కిరాయి పోయినా పరవాలేదండి. బిల్లు మాత్రం రాసివ్వండి. అందులో సామాను పేరు కూడా రాయండి.

ఇక్కడ భార్య మెకానిక్ పని నేర్చుకోలేదు. మూడు మాటలు మాత్రం అడిగింది. కొలత ఎంత? వెల్డింగు ఎందుకు? బిల్లు ఏది? ఈ మూడు మాటలు ఎవరైనా అడగవచ్చు. అప్పు కట్టే వాళ్లకు అడిగే హక్కు ఉంది.

స్ట్రట్ మారితే బరువు మొయ్యదా?

చాలామంది పొరపడేది ఇక్కడే. గట్టి స్ట్రట్ వేస్తే కారు కుంగదు. చూడటానికి బరువు తెలియదు. కానీ బ్రేకులు పాతవే. టైర్లు పాతవే. బాడీ పాతదే. అవి మోసే బరువు పెరగలేదు. కుంగకపోవడంతో బరువు ఎక్కువైందన్న సంగతే మరిచిపోతారు. బ్రేకు వేసినప్పుడు గుర్తొస్తుంది. అప్పటికి ఆలస్యం అవుతుంది.

ఒక లెక్క చూడండి.

కారులో మనుషులు 5. ఒక్కొక్కరు 60 కిలోలు అనుకోండి.
5 × 60 = 300 కిలోలు.
మేత బస్తాలు 8. ఒక్కో బస్తా 25 కిలోలు.
8 × 25 = 200 కిలోలు.
మొత్తం 300 + 200 = 500 కిలోలు.
ఆ కారు మోయగలిగింది 400 కిలోలు అనుకోండి. 100 కిలోలు ఎక్కువైంది.

ఏ స్ట్రట్ వేసినా ఈ 100 కిలోలు తగ్గవు. బస్తాలు దించాలి. లేదా మనుషులు దిగాలి.

చట్టం ఏమంటుంది?

బండి కొన్నప్పుడు రిజిస్ట్రేషను కాగితం ఇస్తారు. దాన్ని ఆర్.సి. అంటారు. అందులో బండి మోడల్, ఎంతమంది కూర్చోవచ్చో, ఖాళీ బండి బరువు ఎంతో రాసి ఉంటుంది.

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్.సి.లో రాసిన వివరాలు కంపెనీ చేసిన తీరుకు తేడాగా మారేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. రెండూ పడవచ్చు. గమనించండి, యజమానికి. కారు ఎవరి పేరున ఉంటే వాళ్లకు. కారు మీ పేరున ఉంటే మీకు.

అరిగిన స్ట్రట్ తీసి అదే కొలతది వేస్తే అది మరమ్మతు. దానికి భయం లేదు. కారు ఎత్తు పెంచడం, బాడీ కోసి అతకడం మరమ్మతు కాదు. అనుమానం ఉంటే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. బీమా కంపెనీకీ చెప్పండి. చెప్పకుండా మార్చితే ప్రమాదం జరిగినప్పుడు బీమా డబ్బు దగ్గర పేచీ వస్తుంది.

షెడ్డులో జాగ్రత్తలు

స్ట్రట్ మీద స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది. నొక్కి పట్టే పనిముట్టు లేకుండా పై నట్టు విప్పితే స్ప్రింగు తుపాకి గుండులా ఎగురుతుంది. మనిషి ప్రాణం పోవచ్చు. పిల్లలను షెడ్డు దగ్గరకు రానివ్వకండి. ఇంట్లో విప్పే ప్రయత్నం చేయకండి.

స్ప్రింగును కోసి పొట్టి చేయకూడదు. మంట పెట్టి వంచకూడదు. వేడికి ఉక్కు బలం పోతుంది. ఏదో ఒక రోజు విరుగుతుంది.

ఒక పక్క మాత్రమే మార్చకూడదు. కుడి, ఎడమ రెండూ జతగా మార్చాలి. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకొని నడిస్తే ఎలా ఉంటుంది?

మార్చిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. అంటే చక్రాలు సరైన వరసలో, సరైన వాలులో ఉన్నాయో లేదో మిషనుతో చూడటం. మొదట ఖాళీ బండి మెల్లగా నడపాలి. కొన్ని రోజులకు బోల్టులు మళ్లీ బిగించి చూడాలి.

ఇంటి దగ్గర మీరే చూడవచ్చు

స్ట్రట్ పాడైందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్కే రానక్కర్లేదు.

కారు ఆగి ఉండగా ముందు మూల మీద రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగితే మంచిది. ఊగుతూనే ఉంటే షాకబ్జరు పోయింది.

స్ట్రట్ గొట్టం మీద నూనె జిడ్డు ఉందేమో చూడండి. ఉంటే నూనె కారుతోంది.

టైరు మీద చెయ్యి పెట్టి తడమండి. ఒక అంచు నున్నగా, ఒక అంచు గరుకుగా ఉంటే చక్రం వాలింది.

సముద్రం దగ్గర ఊళ్లకు ఇంకో శత్రువు ఉప్పు గాలి. ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది. స్ప్రింగు అడుగున, బోల్టుల దగ్గర తుప్పు మొదలవుతుంది. ఉప్పు నీళ్లలో, చెరువు గట్ల మీద తిరిగి వచ్చాక కారు కింద మంచినీళ్లతో కడగాలి. ఖర్చు లేని పని. స్ట్రట్ ఎక్కువ కాలం మన్నుతుంది. వేరే కారుది వెతుక్కునే అవసరమే తొందరగా రాదు.

గుర్తుంచుకోండి

• బోల్టు పడటం వేరు, సరిపోవడం వేరు.
• ఆరు కొలతలూ కలవాలి.
• జతగా మార్చాలి.
• స్ట్రట్ మార్చినా మోసే బరువు పెరగదు.
• బిల్లు అడిగి తీసుకోవాలి. ఆర్.సి. చదువుకోవాలి.

కొత్త మాటలు

స్ట్రట్: స్ప్రింగు, షాకబ్జరు కలిసిన కట్ట.
నకిల్: చక్రాన్ని పట్టుకునే ఇనుప ముక్క.
ఆర్.సి.: బండి రిజిస్ట్రేషను కాగితం.
బిగువు: గట్టితనం.

జవాబులు రాయండి

1. కావడి బద్ద కారులో దేనిలాంటిది?
2. స్ట్రట్ పొడుగుదైతే ఏమవుతుంది?
3. ఏ మార్పు మరమ్మతు? ఏ మార్పు మరమ్మతు కాదు?

లెక్క చేయండి

ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు. వేరే కారు పాత స్ట్రట్ల జత 2,000 రూపాయలు. కూలి 800. కొలత కుదరక ఆరు నెలల్లో రెండు టైర్లు అరిగాయి. ఒక్కో టైరు 2,500. మొత్తం ఎంత?
సరైన కొత్త జత 5,000 రూపాయలు. కూలి 800. మొత్తం ఎంత?
ఏది చవక?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో బండి ఉందా? అది ఎవరి పేరున ఉంది? ఆర్.సి. తీసి చదవండి. ఎంతమంది కూర్చోవచ్చని రాసి ఉంది? నిన్న ఎంతమంది ఎక్కారు? సంఘం సమావేశంలో చెప్పండి.